ఇంటి నంబరు తేదీ కాదు

గుంటూరులో ఒక తాతగారి ఇంటి నంబరు 4-1-22. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో కూర్చుని ఎక్సెల్‌లో ఆ నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే గడిలో 4/1/2022 అని పడుతుంది. అమెరికా లెక్కలో అది 2022 ఏప్రిల్ 1. ఎక్సెల్ అడగదు, చెప్పదు. అయ్యో అనుకుని ఆ గడిని టెక్స్ట్‌గా మార్చినా పాత నంబరు తిరిగి రాదు, 44652 అనే అంకె వస్తుంది. 1900 జనవరి 1ని ఒకటో రోజుగా పెట్టుకుని, ప్రతి తేదీనీ ఎక్సెల్ లోపల రోజుల లెక్కగానే దాస్తుంది. అప్పటికే ఇంటి నంబరు గల్లంతయింది.

ఇలాంటి చిరునామాల జాబితా ఒకటి చూసుకునే ఆవిడది తెనాలి. ఎడిసన్‌లో వారాంతాల్లో నడిచే పిల్లల తెలుగు తరగతికి పేర్లు, ఫోన్లు, చిరునామాలు అన్నీ ఆవిడే రాసి పెడతారు. అక్కడి పిల్లలు నేర్చుకున్న నాలుగు ముక్కలతో ఊళ్ళో ఉన్న తాతయ్యలకీ నాయనమ్మలకీ చేత్తో ఉత్తరాలు రాస్తారు. వంకర టింకర అక్షరాలతో రాసిన ఆ కాగితం చేరాల్సిన ఇంటికి చేరాలి. అందుకే గడిలో పడే ప్రతి అంకె మీదా ఆవిడకు అంత పట్టింపు.

అసలు చిక్కు ఎక్కడుందంటే, ఎక్సెల్ ప్రతి గడినీ చూసి ఇదేమై ఉంటుందో తనే ఊహిస్తుంది. ఆ ఊహ వ్యాపార లెక్కలకు బాగానే కుదురుతుంది. మన ఇంటి నంబర్లకూ ఫోన్లకూ కుదరదు. ఎడిసన్‌లో ఒక జిప్ కోడ్ 08820. అంకె ముందున్న సున్నాకు విలువ లేదని తీసేసి 8820 చేస్తుంది. హైదరాబాద్ ఎస్‌టీడీ కోడ్ 040 కాస్తా 40 అవుతుంది. 91తో మొదలుపెట్టి ఇండియా మొబైల్ నంబరు కొడితే పన్నెండు అంకెలవుతాయి కదా, దాన్ని 9.1 అంటూ మొదలెట్టి మధ్యలో ఇంగ్లీషు E అక్షరం, ప్లస్ గుర్తు పెట్టి కుదించి చూపిస్తుంది. ఇది చూపించడంలో తేడా మాత్రమే, లోపల నంబరు భద్రం. కానీ పదహారంకెల నంబరైతే చివరి అంకె సున్నా అయిపోతుంది, ఎందుకంటే ఎక్సెల్ పదిహేను అంకెల వరకే గుర్తుంచుకుంటుంది. ఆ పోయిన అంకెను ఎవరూ వెనక్కి తేలేరు.

పుట్టిన తేదీలది ఇంకో గొడవ. ఒక తండ్రి అలవాటు కొద్దీ 5/8/2017 అని పంపుతాడు, ఆయన మనసులో ఆగస్టు 5. అమెరికా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్ దాన్ని మే 8గా తీసుకుంటుంది. అదే ఆయన చిన్న కొడుకు తేదీ 25/8/2019 అయితే ఇరవై ఐదో నెల లేదు కాబట్టి ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది. ఒకే ఇంటి పిల్లల్లో ఒకరి తేదీ తారుమారు, ఇంకొకరిది అసలు తేదీయే కాదు. కనిపెట్టడానికి ఒక గుర్తుంది: తేదీగా తీసుకున్నది గడిలో కుడివైపుకు జరిగి ఉంటుంది, అక్షరాలుగా వదిలేసింది ఎడమవైపు నిలబడుతుంది. వయసును బట్టి తరగతులు విడదీసే చోట ఈ తేడా చిన్నదేం కాదు. అందుకే వివరాలు తీసుకునే ఫారంలో నెల పేరు అక్షరాల్లో రాయమని అడుగుతారు ఆవిడ.

ఈ బాధ శాస్త్రవేత్తలకూ తప్పలేదు. మనుషుల జన్యువుల్లో కొన్నింటి పొట్టి పేర్లు ఒకప్పుడు మార్చ్1, సెప్ట్2 లాంటివి. వాటిని ఎక్సెల్ మార్చి 1, సెప్టెంబరు 2 చేసేసేది. 2004లోనే దీని మీద ఒక పరిశోధన వ్యాసం వచ్చింది. 2016లో మరో బృందం జీనోమ్ బయాలజీ పత్రికలో లెక్క తీసి చూపించింది: ఎక్సెల్ జన్యు జాబితాలు జతచేసిన పరిశోధన పత్రాల్లో సుమారు ఐదో వంతులో ఇలాంటి తప్పులున్నాయి. చివరకు 2020లో జన్యువుల పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ సంఘమే దిగివచ్చి ఆ పేర్లు మార్చింది. ఒక సాఫ్ట్‌వేర్ ఊహించుకుంటోందని జన్యువుల పేర్లు మార్చుకోవాల్సి రావడం అన్యాయం. మైక్రోసాఫ్ట్ 2023లో గానీ దీన్ని ఆపుకునే మీటలు ఇవ్వలేదు.

ఆ మీటలు విండోస్ ఎక్సెల్‌లో ఫైల్, ఆప్షన్స్, డేటా అని వెళితే ఆటోమేటిక్ డేటా కన్వర్షన్ కింద ఉంటాయి. ముందున్న సున్నాలు తీసెయ్యడం, పొడుగు నంబర్లను పదిహేను అంకెలకు కత్తిరించడం, అక్షరాలూ అంకెలూ కలిసిన మాటను తేదీ చెయ్యడం, దేనికదే ఆపుకోవచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. తేదీల మీట అతుక్కుని ఉన్న మాటలకే పనిచేస్తుంది. మధ్యలో గీతలున్న మన 4-1-22ను అది కాపాడదు. దానికి దారి ఏమిటంటే, కొట్టకముందే ఆ కాలమ్ మొత్తాన్ని టెక్స్ట్‌గా పెట్టుకోవాలి. ఒకటి రెండు గడులకైతే నంబరు ముందు సింగిల్ కోట్ పెడితే సరిపోతుంది.

అలా పెట్టగానే గడి మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం మొలుస్తుంది. దాన్ని నొక్కితే ఇంటి నంబరులోని 22ను 1922 చెయ్యనా, 2022 చెయ్యనా అని అడుగుతుంది. ఫోన్ నంబరు గడిలోనైతే అంకెగా మార్చనా అంటుంది. పొరపాటున ఒప్పుకుంటే పడ్డ శ్రమంతా వృథా. ఆప్షన్స్‌లో ఫార్ములాస్ కింద తప్పులు వెతికే నియమాల పట్టీ ఉంటుంది. అందులో రెండంకెల సంవత్సరాలది, టెక్స్ట్‌గా ఉన్న అంకెలది, ఈ రెండు టిక్కులు తీసేస్తే త్రికోణాలు మాయమవుతాయి. మిగతా నియమాల జోలికి పోనక్కర్లేదు, ఫార్ములా తప్పులు పట్టిచ్చేవి అవే.

పేర్ల కాలమ్‌లో వచ్చే తంటా వేరు. పైన సాయి చరణ్ అనే పిల్లాడి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. కింద ఇంకో పిల్లాడి పేరు ఉత్త సాయి. ఆ పేరు కొడుతుండగానే చరణ్ దానంతటదే వచ్చి చేరుతుంది. చూసుకోకుండా ఎంటర్ నొక్కితే ఇద్దరూ సాయి చరణ్‌లే. పైన సాయి తేజ కూడా ఉంటే ఏది పెట్టాలో తేలక ఎక్సెల్ ఊరుకుంటుంది, ఒక్కడే ఉన్నప్పుడే ప్రమాదం. డిలీట్ నొక్కి ఆ తర్వాత ఎంటర్ నొక్కితే తోక పోతుంది. పేర్లు వందల్లో ఉంటే ప్రతిసారీ ఎవరు చూస్తారు? ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద ఆటోకంప్లీట్ అని మొదట్లోనే కనిపిస్తుంది, ఆ టిక్కు తీసెయ్యడమే మేలు. గూగుల్ షీట్స్‌లోనైతే ఈ ఎంపిక టూల్స్ మెనూలో ఉంటుంది.

అన్నీ ఆపెయ్యమని ఆవిడ చెప్పరు. సీఎస్‌వీ ఫైల్ తెరిచినప్పుడు ఫలానావి మారుస్తున్నాను, సరేనా అని అడిగే కబురు ఒకటుంది. దాన్ని ఉంచుకుని తీరాలి. ఆన్‌లైన్ ఫారంల నుంచి దించుకునే జాబితాలు చాలామటుకు సీఎస్‌వీలే. వాటి మీద డబుల్ క్లిక్ చేసేకన్నా డేటా మెనూలోంచి తెచ్చుకుని, డేటా రకం కనిపెట్టొద్దు అనే ఎంపిక పెట్టుకుంటే సున్నాలూ గీతలూ ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. అడిగి మార్చేదానితో పేచీ లేదు, అడక్కుండా మార్చేదాంతోనే.

ఇంకొక సంగతి. మీటలు ఆ కంప్యూటర్ వరకే. ఫైల్ ఇంకొకరికి పంపితే వాళ్ళ దగ్గర పాత కథ మళ్ళీ మొదలవుతుంది. గడులకు పెట్టిన టెక్స్ట్ ఫార్మాట్ మాత్రం ఫైల్‌తోపాటే వెళుతుంది. అందుకని కొత్తగా సాయానికి వచ్చే తల్లిదండ్రులకు ఆవిడ ఇంటి నంబరు, జిప్, ఫోన్ కాలమ్‌లు ముందే టెక్స్ట్ చేసిన ఖాళీ ఫైల్ పంపుతారు. వేరే షీటులోంచి తెచ్చి అతికించేటప్పుడు వాల్యూస్ మాత్రమే అతికించమని మొదటి వరుసలోనే తెలుగులో రాసి ఉంటుంది.