బాలింత దుఃఖం ఈమాన్ లోపం కాదు

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల నడుమ పిల్లలకు దివ్యఖుర్‌ఆన్ బోధించే మా వద్దకు పాఠాల కోసమే కాదు, కష్టం చెప్పుకోవడానికీ జనం వస్తుంటారు. వారి నోట తరచుగా వినిపించే విన్నపం ఒకటుంది: "హజ్రత్! మా కోడలు పురుడు పోసుకున్నప్పటి నుంచీ ఏడుస్తూనే ఉంది. బిడ్డను ఎత్తుకోదు. ఏదో సోకినట్టుంది. తావీజు ఇవ్వండి."

అప్పుడు మేము ముందుగా నాలుగు మాటలు అడుగుతాము. బిడ్డ పుట్టి ఎన్నాళ్లయింది? బిడ్డ పడుకున్న వేళైనా తల్లికి నిద్ర పడుతోందా? అన్నం తింటోందా? చావు మాట ఎత్తుతోందా? ఈ జవాబులు విన్నాక చాలాసార్లు తేలేది ఒక్కటే: ఆమెకు కావలసింది వైద్యుడు, తోడు.

పరాయి జిల్లా నుంచి వచ్చి పాశమైలారంలో పనిచేసే ఒక యువకుడి సంగతి చెబుతాము. రేకుల గదిలో కాపురం. పుట్టింటి వారు పది రోజులుండి వెళ్లిపోయారు. అతనికి రాత్రి షిఫ్టు. ఐదు వారాల బిడ్డతో ఆ తల్లి ఒంటరిగా మిగిలింది. "నేను లేకపోతేనే బిడ్డ బాగుంటుంది" అని ఆమె అన్నప్పుడు అతను భయపడి మా వద్దకు పరుగున వచ్చాడు. మా ఇంటివారు వెళ్లి ఆమె పక్కన కూర్చున్నారు. ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఇది: "నమాజు చేయలేని రోజులు కదా అమ్మీ, అందుకే అల్లాహ్ నన్ను వదిలేశాడా?"

సోదరీమణులారా! నిఫాస్ రోజుల్లో నమాజు నుంచి లభించే మినహాయింపు అల్లాహ్ కారుణ్యమే గానీ తిరస్కారం కాదు. దుఆ ద్వారం ఆ రోజుల్లోనూ తెరిచే ఉంటుంది. హజ్రత్ మర్యమ్ (అ) కంటే పవిత్రురాలెవరు? అయినా ప్రసవ వేదనలో, ఇంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండేదని ఆమె వాపోయారని దైవగ్రంథమే తెలుపుతోంది (19:23-26). అందుకు ఆమెకు మందలింపు ఎదురుకాలేదు. దుఃఖించవద్దన్న ఓదార్పు లభించింది. పాదాల చెంత నీటి ఊట, చేతికందే ఖర్జూరాలు, జనానికి జవాబు చెప్పవలసిన పని లేని మౌనం లభించాయి. ఆహారం, నీరు, విశ్రాంతి, ఊరడింపు - బాలింతకు ఏమి కావాలో ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

ప్రసవమైన రెండు మూడు రోజులకు కన్నీళ్లు, చిరాకు రావడం సర్వసాధారణం. రెండు వారాల్లో అది తగ్గిపోతుంది. అంతకు మించి కొనసాగితే అది ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు. అది జబ్బు, చికిత్స ఉన్న జబ్బు. మన దేశంలో దాదాపు 22 శాతం బాలింతలు దీని బారిన పడుతున్నారని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడిన ఒక సమీక్ష అంచనా వేసింది. అంటే, ప్రతి ఐదుగురిలో ఒకరు. ఇక లేని శబ్దాలు వినిపించడం, పొంతన లేని మాటలు, బిడ్డకు హాని చేయాలన్న ఆలోచన కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తల్లీబిడ్డలను క్షణమైనా ఒంటరిగా వదలరాదు.

మందు వాడటం తవక్కుల్‌కు విరుద్ధమని కొందరంటారు. చికిత్స చేయించుకోమని ప్రవక్త మహనీయులే (స) ఆదేశించారు. వెయ్యేళ్లకు పూర్వమే అబూ జైద్ అల్-బల్ఖీ శరీరారోగ్యంతో పాటు మనసు ఆరోగ్యాన్నీ ఒకే గ్రంథంలో చర్చించారు. కారణం తెలియని దుఃఖానికి మూలం శరీరంలో ఉండవచ్చనీ, దానికి శారీరక చికిత్సే చేయాలనీ వివరించారు. ఆ పండితుని వారసులమని చెప్పుకునే మనం ఆసుపత్రి మెట్లెక్కడానికి సిగ్గుపడటమా?

ఆ దంపతులు వైద్యుని వద్దకు వెళ్లారు. పాలిచ్చే తల్లి వాడదగిన మందులు ఉన్నాయని తెలిసి ఆమె ఊపిరి పీల్చుకుంది. ఇరుగుపొరుగు స్త్రీలు వంతులు వేసుకుని వంట పంపారు. రాత్రి ఒకరు తోడు పడుకున్నారు. భర్త కొంతకాలం పగటి షిఫ్టుకు మారాడు. కోలుకోవడానికి నెలలు పట్టింది. కానీ కోలుకుంది, అల్‌హందులిల్లాహ్.

మన ప్రాంతంలో దారులు లేకపోలేదు. టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే రాత్రీపగలూ తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. 2022 అక్టోబరు 10న ఈ సేవ మొదలైంది. సంగారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఉన్నాయి. జీతంలో ఈఎస్ఐ కోత ఉన్నవారు రామచంద్రాపురం ఈఎస్ఐ ఆసుపత్రిలో సలహా పొందవచ్చు. నవజాత శిశువును చూడటానికి ఆశా కార్యకర్త 42వ రోజు వరకు పలుమార్లు ఇంటికి వస్తుంది. బిడ్డ బరువుతో పాటు తల్లి మనసు సంగతీ ఆమెకు చెప్పండి.

చిల్లా నలభై రోజులు బాలింతకు విశ్రాంతి ఇవ్వడం మన పెద్దల ఆచారం. రేకుల గదుల్లో ఆ నలభై రోజులు నలభై ఒంటరి రాత్రులుగా మారుతున్నాయి. ప్రతి మస్జిద్ కమిటీ తన మొహల్లాలో ఎవరింట పురుడైందో తెలుసుకుని, ఇద్దరు స్త్రీలను పలకరింపుకు పంపితే చాలు. అఖీఖా విందుకు వెళ్లేవారు బిడ్డను ఎత్తుకునే ముందు తల్లిని ఒక్క మాట అడగండి: "నీకెలా ఉంది బేటీ?" జవాబు పూర్తయ్యేదాకా వినండి.

మర్యమ్ (అ)ను ఓదార్చిన ప్రభువు మన ఇళ్లలోని ప్రతి తల్లికీ స్వస్థతనూ, ఆమె చెంత నిలిచే ఓపికను మనకూ ప్రసాదించుగాక! ఆమీన్.