తోడుపెట్టిన గిన్నె

హైటెక్ సిటీలో లిఫ్టు ఎక్కితే మొదట అడిగే ప్రశ్న "మీరు ఏ టెక్నాలజీ?" అని. నేను "జెల్" అంటాను. ఎక్సెల్ అని వినిపిస్తుందేమో, జాలిగా తలూపుతారు.

నా పని కంటి చుక్కల మందులు తయారుచేయడం. మామూలు చుక్క కంట్లో పడీ పడగానే చాలావరకు చెంప మీదికి జారిపోతుంది. సీసాలో నీళ్లలా ఉండి, కంట్లో పడ్డాక జెల్ అయి కాసేపు నిలవాలి. ద్రావణం ఎక్కడ ఆగిపోయి జెల్ ఎక్కడ మొదలవుతుందో పట్టుకోవడంలోనే నా సగం ఉద్యోగం గడిచింది.

చేరిన కొత్తలో నాకు తెలిసింది తిప్పి కొలిచే విస్కోమీటర్ ఒక్కటే. జెల్లాన్ గమ్ ద్రావణంలో ఉప్పులు కలిపి స్పిండిల్ దించాను. అంకె ఎగబాకింది, ఇంకా ఎగబాకింది, ఉన్నట్టుండి పడిపోయింది. "సార్, జెల్ కరిగిపోతోంది!" అని పరుగెత్తాను. మా సార్ వచ్చి స్పిండిల్ పైకెత్తారు. అడుగున సరిగ్గా దాని లావు గుంత. కరగలేదు, నేనే కోసేశాను. "మీ ఇంట్లో తోడుపెట్టిన గిన్నెను గంటకోసారి గరిటెతో తిప్పి చూస్తారామ్మా?" అన్నారు.

చూడరు. నువ్వూ చూడకు. పాలిమర్ గొలుసులు ఒకదానికొకటి ముడిపడుతూ పోయి, ఆ ముడులు గిన్నె ఈ అంచు నుంచి ఆ అంచుకి అందుకున్న క్షణమే జెల్ పాయింట్. అక్కడ స్నిగ్ధత అనంతానికి పోతుంది. కానీ ఆ వల అప్పుడే పుట్టిన పసిబిడ్డ, తిప్పితే తెగుతుంది. అందుకే రియోమీటర్‌లో కోన్ కింద ద్రావణాన్ని పెట్టి, ఒక శాతం లోపు స్ట్రెయిన్‌తో అటూ ఇటూ ఊపుతాం. జీ ప్రైమ్ అంటే స్ప్రింగు గుణం, జీ డబుల్ ప్రైమ్ అంటే కారే గుణం. ద్రావణంగా ఉన్నప్పుడు రెండోది పైన, జెల్ అవుతుంటే మొదటిది దాన్ని దాటుతుంది.

దాటిన చోటే జెల్ పాయింట్ అని రాసి పట్టుకెళ్లాను. సార్ ఫ్రీక్వెన్సీ మార్చి మళ్లీ చేయమన్నారు. దాటే చోటు జరిగిపోయింది! అసలు పరీక్ష 1986లో వింటర్, షాంబాన్ చెప్పింది: జెల్ పాయింట్ దగ్గర టాన్ డెల్టా, అంటే ఆ రెండింటి నిష్పత్తి, ఫ్రీక్వెన్సీ ఏదైనా ఒకటే ఉండాలి. వేడి జెల్లాన్‌ని మెల్లగా చల్లారుస్తూ పదిహేనుసార్లు విఫలమయ్యాను. ఏసీ గాలికి కోన్ అంచున ద్రావణం ఎండి పొర కట్టి, లేని జెల్‌ని చూపించేది. అంచు చుట్టూ పల్చటి సిలికోన్ నూనె పూయడం ల్యాబ్ అసిస్టెంట్ అన్న నేర్పాడు. అది ఏ మాన్యువల్‌లోనూ నాకు కనిపించలేదు. పదహారోసారి నాలుగు ఫ్రీక్వెన్సీల టాన్ డెల్టా గీతలూ ఒకే బిందువులో కలిశాయి. సార్ కాగితం చూసి ఏమీ అనలేదు, రెండు ఇరానీ చాయ్‌లు తెప్పించారు.

2022లో ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ కలిసి మనిషి కార్నియా కణజాలంతోనే కార్నియాని త్రీడీ ప్రింట్ చేశాయని వార్త వచ్చింది. అందరూ కంటిచూపు గురించి మాట్లాడుకున్నారు. నాకు మాత్రం నాజిల్ కనిపించింది: లోపల పారాలి, బయట పడగానే నిలవాలి. మా చుక్క కష్టమే వాళ్లదీనూ.

పోలోక్సమర్ 407 అనే ఇంకో పాలిమర్ కథ వేరు. చల్లగా ఉంటే నీళ్లు, వెచ్చబడితే గడ్డ. వేడి నీళ్లలో వేశావా, ఉండలు కడుతుంది. ఐసు నీళ్లలో చల్లి రాత్రంతా ఫ్రిజ్‌లో వదిలెయ్. ఇక్కడ ముడులు పడవు, మిసెల్స్ అనే గుంపులు దగ్గరదగ్గరగా సర్దుకుంటాయంతే. అందుకే మార్పు ఠక్కున వస్తుంది, వింటర్ పరీక్షకి చిక్కదు.

ఒక మే నెలలో పోలోక్సమర్ చుక్కల సీసాలు హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని స్కూటీ మీద మాదాపూర్ నుంచి గచ్చిబౌలి బయల్దేరాను. మీటింగులో సీసా నొక్కితే చుక్క రాలేదు. అందరూ నా వైపే చూస్తున్నారు. కిందికి పరుగెత్తి చెరకురసం బండి దగ్గర ఐసు అడిగి, గ్లాసులో సీసాలు ముంచాను. పది నిమిషాల్లో నీళ్లయ్యాయి. పైకెళ్లి చుక్క వేసి చూపించాను.

ఆ ఉత్సాహంలో, ఎండకి తట్టుకుంటుందని పోలోక్సమర్ తగ్గించాను. సీసాలో భేషుగ్గా ఉంది. తీరా 40 మైక్రోలీటర్ల చుక్కకి 7 మైక్రోలీటర్ల కృత్రిమ కన్నీళ్లు కలిపి చూస్తే, కంటి వేడి దగ్గర జెల్లే కాలేదు. మళ్లీ పెంచాను. ఎండాకాలం నా బ్యాగులో ఐస్ ప్యాక్ ఉంటుందిప్పుడు.