ఆకాశంలో కర్చీఫ్ వేయలేం!

బస్టాండులో ఆర్టీసీ బస్సు ఇంకా ఆగనే ఆగదు... కిటికీలోంచి ఓ కర్చీఫ్ లోపల పడుతుంది. ఇక ఆ సీటు వేసినవాళ్లదే. అది ఏ చట్టంలోనూ లేదు. అయినా నూటికి తొంభైమంది ఒప్పుకుంటారు. మిగతా పదిమందితోనే గొడవంతా! కాకపోతే అక్కడో సుఖం ఉంది. సీటు కంటికి కనిపిస్తుంది. ఎవరైనా కూర్చున్నారో లేదో తెలుస్తుంది. హ్యామ్ రేడియో పోటీల్లో ఆ వీలు కూడా లేదు. సీటు కనబడదు, కూర్చున్న మనిషీ కనబడడు. చాలాసార్లు వినబడడు కూడా!

ప్రపంచంలోని పెద్ద హ్యామ్ పోటీల్లో 'సీక్యూ వరల్డ్ వైడ్' ఒకటి. అక్టోబరు చివరి వారాంతంలో మాటలతో, నవంబరు చివర మోర్స్ కోడ్‌తో జరుగుతుంది. మన లెక్కన శనివారం ఉదయం 5.30కు మొదలైతే సోమవారం ఉదయం 5.30 దాకా, 48 గంటలు. ఎక్కువమందిని, ఎక్కువ దేశాలను పలకరించినవారికి ఎక్కువ పాయింట్లు. పలకరింపు కూడా క్షణాల్లో అయిపోవాలి. తన పిలుపుపేరు, 'మీ సిగ్నల్ 59', తన జోన్ నంబరు... అంతే. ఆ తరవాత ఇంకొకరు.

వచ్చేవాళ్లు వేలమంది. ఉన్న చోటేమో కొంచెమే. అందరూ ఎగబడే 14 మెగాహెర్ట్జ్ బ్యాండునే తీసుకోండి. అమెరికా హ్యామ్‌లు మాటలు నడపగలిగేది 14.150 నుంచి 14.350 వరకే. అంటే 200 కిలోహెర్ట్జ్. ఒక గొంతుకు సుమారు 3 కిలోహెర్ట్జ్ కావాలి. ఒకరినొకరు తగలకుండా కూర్చోవాలంటే పట్టేది అరవై, డెబ్భై గొంతులే! దసరా ముందు రోజు బస్సు ఇంతకంటే నయం.

అందుకే హ్యామ్‌లకు పెద్దలు నేర్పే మొదటి పాఠం- మాట్లాడే ముందు వినడం. ఖాళీగా అనిపించిన చోట కాసేపు చెవి పెట్టాలి. తరవాత, 'ఈ ఫ్రీక్వెన్సీ వాడుకలో ఉందా?' అని అడగాలి. మోర్స్‌లో అయితే 'క్యూఆర్ఎల్?' అంటే చాలు. జవాబు రాకపోతే ఆగి, మళ్లీ అడగాలి.

రెండోసారి ఎందుకూ అంటే... అదంతా ఈ తరంగాల తీరు. 14 మెగాహెర్ట్జ్ తరంగం పైనున్న అయనోస్ఫియర్‌ను తాకి ఎక్కడో దూరాన దిగుతుంది. మధ్య ఊళ్లను దాటేస్తుంది. హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్లకు జపాన్ పక్కింట్లోంచి మాట్లాడినట్టుంటుంది, విజయవాడ మాత్రం వినబడకపోవచ్చు. ఆ విజయవాడ హ్యామ్ అప్పటికే ఓ జపాన్ హ్యామ్‌తో మాట్లాడుతున్నాడనుకోండి. ఆయన మాట్లాడినంతసేపూ హైదరాబాద్‌లో నిశ్శబ్దమే. ఖాళీ అనుకుని గట్టిగా పిలుపు మొదలుపెడితే, జపాన్‌లో వింటున్నవాళ్ల చెవిలో పిడుగు పడినట్టే. ఒక్క నిమిషం ఓపిక పడితే జపాన్ జవాబు వినబడేది, సంగతి అర్థమయ్యేది.

ఇంత జాగ్రత్తపడినా తగాదాలు తప్పవు. దూరదూరంగా ఉన్న ఇద్దరు ఒకే చోట గంటలకొద్దీ పిలుస్తూనే ఉంటారు. ఒకరి ఉనికి ఇంకొకరికి తెలియదు. పొద్దు తిరుగుతుంది, ఆకాశం దారులు మారతాయి, ఉన్నట్టుండి ఇద్దరూ ఢీకొంటారు. 'నేనే ముందొచ్చా' అని ఇద్దరూ అంటారు. చిత్రమేమిటంటే, ఇద్దరూ నిజమే చెబుతుంటారు! నిబంధనల ప్రకారం ఏ ఫ్రీక్వెన్సీ ఎవరి సొంతమూ కాదు. ముందొచ్చినవాళ్లకు చోటివ్వడం మర్యాద మాత్రమే. ఒకరు కాస్త పక్కకు జరిగితే ఇద్దరికీ చోటు. జరిగినవాళ్లకు నష్టమే, కొత్త చోటు వెతుక్కునేలోగా పాయింట్లు పోతాయి. ఆకాశమంత యాంటెన్నా ఉన్నవాళ్లు జరగకపోయినా గెలుస్తారు. మేడ మీద రెండు కర్రలకు తీగ కట్టుకున్నవాళ్లే ఎప్పుడూ జరగాల్సి వస్తుంది. మర్యాద అనేది బలమున్నవాళ్లు పాటించినప్పుడే దానికి విలువ.

పోటీలో లేనివాళ్ల బాధ మరొకటి. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో నలుగురు మిత్రులు కలుసుకునే చోటు ఆ రెండు రోజులూ సంతలా మారిపోతుంది. విసుక్కోవడంలో తప్పు లేదు. అలాగని రోజూ కూర్చున్నంత మాత్రాన అరుగు మనదైపోదు కదా! అలాంటివాళ్ల కోసమే 10, 18, 24 మెగాహెర్ట్జ్ బ్యాండ్లలో పోటీలు పెట్టకూడదన్న ఆనవాయితీ ఉంది. అందరికన్నా ఇబ్బంది పెట్టేది మాత్రం మధ్యలో దూరి 'పక్కకు జరగండి' అని అరిచేవాళ్లు. వాళ్లకు 'ఫ్రీక్వెన్సీ పోలీసులు' అని పేరు. తప్పు చేసినవాళ్ల రొద కన్నా తిట్టేవాళ్ల రొదే ఎక్కువ.

ఆటలో ఇంత పట్టింపు అవసరమా అనిపిస్తుంది. 2004 డిసెంబరు గుర్తొస్తే అవసరమేననిపిస్తుంది. ఏళ్ల తరబడి హ్యామ్‌లకు అనుమతి లేని అండమాన్ దీవులకు, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం వెళ్లింది. పోర్ట్‌బ్లెయిర్, అంటే నేటి శ్రీ విజయపురం, నుంచి 'వీయూ4ఆర్‌బీఐ' అన్న పిలుపు వినబడగానే ప్రపంచంలోని హ్యామ్‌లంతా ఎగబడ్డారు. అరుదైన ఆ దీవి పేరు తమ లాగ్ పుస్తకంలో ఎక్కించుకోవాలని ఆరాటం. డిసెంబరు 26, ఆదివారం పొద్దున భూమి కంపించింది, సునామీ విరుచుకుపడింది. ఫోన్లు మూగబోయాయి. సరదా పలకరింపుల కోసం పెట్టిన ఆ రేడియోనే దీవుల్లోని మనుషుల క్షేమ సమాచారాన్ని ఇవతలి ఒడ్డుకు చేర్చింది.

అలాంటి వేళ మైకు పట్టుకున్నవాళ్ల ప్రతిభ కన్నా, నోరు మూసుకుని చోటిచ్చేవాళ్ల సంస్కారమే ఎక్కువ అవసరం. ఆసియా, పసిఫిక్ ప్రాంతంలో 14.300 వంటి కొన్ని ఫ్రీక్వెన్సీలను ఆపత్కాలపు పిలుపుల కోసం అనుకుని పెట్టుకున్నారు. అక్కడా గీత గీసి, కంచె వేసి ఉండదు. పోటీ ఊపులో ఉన్నవాళ్లు గుర్తుంచుకుని తప్పుకోవాలంతే.

ఆ సన్నని గొంతు సాయం అడుగుతోందో, ఒక్క పాయింటు అడుగుతోందో వింటేగానీ తెలియదు. అందుకే ముందు అడగాలి. అడిగి, ఆగాలి. పాయింట్లదేముంది... సోమవారం పొద్దున్న లెక్కపెట్టుకోవచ్చు.