తాళాలగుత్తి

మా తమ్ముడికి ఫిట్సు. మా పేటలో కాకిసొమ్మ అనేవోళ్ళు. కొల్లేటి గట్టున చేపల చెరువుకి తవుడు మోస్తా మోస్తా పడిపోయేవాడు. చేతిలో ఇనుము పెడితే తగ్గుద్దని ఊరంతా నమ్మకం. తాళం వేసే ఇల్లే లేని మా పేటలో తాళంచెవులెక్కడివి? చెరువు ఆసామి తన గుత్తిని దూరం నించి ఇసిరేవాడు. జబ్బు అంటుకుంటదని ఒక భయం, మాదిగోణ్ణి ముట్టుకుంటే మైలని ఇంకోటి. మాయమ్మ ఒక్కతే వాణ్ణి పక్కకి తిప్పి, తల కింద చెయ్యి పెట్టేది. చెయ్యాల్సిందీ అదే. ఫిట్సు సాధారణంగా రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుద్ది. పేరు మాత్రం ఇనుముకొచ్చేది.

దానంతటదే ఎందుకాగుద్ది? తాడేపల్లిగూడెంలో లెక్కలు చెప్పుకు బతికే నన్ను ఈ ప్రశ్న వదల్లేదు. నరంలో కరెంటు ఎట్టా పుడుతుందో 1952లోనే హాడ్జ్‌కిన్, హక్స్‌లీ సమీకరణాల్లో రాశారు. ఫిట్సుకి 2014లో 'ఎపిలెప్టర్' అనే నమూనా వచ్చింది. అందులో అయిదు చలరాశులు. నాలుగు వేగంగా కొట్టుకుంటాయి, ఒకటి నిదానంగా కదులుద్ది. ఫిట్సు నడిచేకొద్దీ ఆ నిదానపుది పెరిగి పెరిగి దాన్ని ఆపేస్తది. ఇంకో సంగతుంది. కొంతసేపు ఆ మెదడుకి ఊగడమూ సాధ్యమే, నిమ్మళంగా ఉండడమూ సాధ్యమే. అప్పుడు సరైన అదనులో చిన్న కరెంటు దెబ్బ తగిలితే ఇటు నించి అటు మారొచ్చు.

కొల్లేట్లో తాటిదోనె నడిపినోడికి ఇది చెప్పక్కర్లేదు. దోనె ఊగేటప్పుడు లేచే అంచు మీద బరువు మోపితే నిలబడుద్ది. దిగే అంచు మీద మోపితే నీళ్ళు తాగాల్సిందే. మెదడుకీ అదును తప్పిన కరెంటు కొత్త ఫిట్సు తెప్పించగలదు. అందుకే లెక్క కావాలి.

మందులకి లొంగని వాళ్ళ కోసం, పుర్రెలో అమర్చి ఫిట్సు మొదలవగానే కరెంటిచ్చే మిషనుకి 2013లో అమెరికా అనుమతిచ్చింది. చాలామందికి ఫిట్సు తగ్గిస్తది, అందరికీ పూర్తిగా మానదు. ఎంత కరెంటు, ఎంతసేపన్నది ఇప్పటికీ ఎక్కువగా డాక్టర్లు మార్చి మార్చి చూసుకునేదే.

2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఫిట్సొచ్చి పడిపోయారు. రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయన్నారు. ముఖ్యమంత్రే వచ్చి చూసెళ్ళాడు. ఆ వారం ఎవరూ తాళాలు ఇసరలేదు, అంబులెన్సులు పిలిచారు.

మిషను సంగతి చెబితే మాయమ్మ, "అది పెట్టాలంటే ఆడి తల ముట్టుకోవాలి గదరా?" అనడిగింది.

తమ్ముడు మాత్రల మీదే ఉన్నాడు. ఒక్క పూట కూడా మానకుండా అమ్మే లెక్కపెట్టి ఇస్తది. చెరువు పని మానిపించాం.