నిండుగా లాగిన తరువాత

విలువిద్య అనగానే చాలామందికి కన్ను, గురి అనే రెండు మాటలే స్ఫురిస్తాయి. చూపు చురుకైనదైతే బాణం తగులుతుందనీ, చేయి వణికితే తప్పుతుందనీ అనుకుంటారు. మైదానంలో కొంతకాలం నిలబడిన వారికి మరో సంగతి తెలుస్తుంది. అల్లెతాడును గడ్డం దాకా లాగి నిలిపిన తరువాత, దాన్ని వదలక ముందు, రెండు మూడు సెకన్ల వ్యవధి ఒకటి ఉంది. చూసేవారికి ఆ వ్యవధిలో ఏమీ జరుగుతున్నట్లు కనిపించదు. విలుకాడు శిలలా నిలబడి ఉంటాడు. కానీ బాణం ఎటు పోతుందనేది చాలావరకు తేలేది అక్కడే. శిక్షకులు దాన్ని ఎక్స్‌పాన్షన్ అంటారు. మనం విస్తరణ అని చెప్పుకుందాం.

మా మదరసా కృష్ణా తీరప్రాంతంలో ఉంది. జ్యోతి సురేఖ, బొమ్మదేవర ధీరజ్ వంటి క్రీడాకారులు విజయవాడ నుంచే ఎదిగారు కనుక ఈ చుట్టుపక్కల పిల్లలకు విల్లు కొత్త వస్తువు కాదు. కొన్నేళ్ల క్రితం మదరసా వెనుక, ఎత్తయిన గోడ ఉన్న ఖాళీ స్థలంలో మేము కూడా ఒక చిన్న అభ్యాస స్థలం ఏర్పరచుకున్నాము. పట్టణం నుంచి ఒక శిక్షకుడు వారానికి రెండు రోజులు వస్తారు. యాభై దాటిన వయసులో మేమూ తేలికపాటి విల్లు పట్టి పిల్లల పక్కన నిలబడ్డాము.

అన్‌ఫాల్ సూరా 60వ ఆయతులో వచ్చే ‘బలం’ అనే మాటను దైవప్రవక్త (స) విలువిద్యగా వివరించారని ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. నేర్చుకున్న విలువిద్యను విడిచిపెట్టడాన్ని గర్హించే ఉల్లేఖనం కూడా అదే గ్రంథంలో ఉంది. ఈ రెండవదాన్ని మేము ఏళ్ల తరబడి పాఠంగా చెబుతూ వచ్చాము. మా విద్యార్థి ఒకడు విల్లును విడిచిపెట్టే స్థితికి వచ్చినప్పుడు అది పాఠంగా కాక ప్రశ్నగా మా ముందు నిలిచింది. ఆ అబ్బాయి సంగతి చెప్పే ముందు విస్తరణ అంటే ఏమిటో కొంత వివరించాలి.

ఒలింపిక్ క్రీడల్లో వాడే విల్లును రికర్వ్ అంటారు. దాని కొనలు ముందుకు వంపు తిరిగి ఉంటాయి. కాంపౌండ్ విల్లులో చక్రాలు ఉండి, పూర్తిగా లాగాక చేతి మీది భారాన్ని బాగా తగ్గిస్తాయి. రికర్వ్‌లో ఆ సౌకర్యం లేదు. ఎంత లాగితే అంత భారం పెరుగుతుంది. నిండుగా లాగినప్పుడే భారం అత్యధికం. పోటీల్లో పాల్గొనే పురుషుల విళ్లు సాధారణంగా 40 పౌండ్లకు, అంటే సుమారు 18 కిలోలకు, పైబడే ఉంటాయి. పెద్దల పోటీలో లక్ష్యం 70 మీటర్ల దూరంలో ఉంటుంది. దాని వ్యాసం 122 సెంటీమీటర్లు. పది పాయింట్లు ఇచ్చే నడిమి వలయం 12.2 సెంటీమీటర్లు మాత్రమే.

ఇంత దూరానికి బాణాలన్నీ ఒకే తీరున వెళ్లాలంటే ప్రతిసారీ తాడును సరిగ్గా అంతే పొడవు లాగాలి. కొద్ది మిల్లీమీటర్లు తగ్గినా బాణం వేగం తగ్గి, కిందికి దిగుతుంది. అందుకోసం క్లిక్కర్ అనే సాధనం ఉంది. అది విల్లు నడిమి భాగానికి బిగించిన పలుచని పట్టీ. బాణాన్ని దాని కింద నుంచి లాగుతారు. మొన దాన్ని దాటిన క్షణాన పట్టీ జారి విల్లును తాకి ‘టిక్’ మంటుంది. ఆ శబ్దమే వదలమనే సంకేతం.

నిండుగా లాగి చేతిని దవడ కింద ఆనించినప్పుడు మొన ఇంకా క్లిక్కర్ కిందనే ఉంటుంది. మిగిలింది కొద్ది మిల్లీమీటర్లే. ఆ కాస్త దూరాన్ని వేళ్లతో గానీ మణికట్టుతో గానీ లాగకూడదు. తాడు లాగే వైపు రెక్క ఎముక వెన్నెముక దిశగా నెమ్మదిగా కదలాలి. దానితోపాటు మోచేయి తల వెనుక వైపుకు తిరగాలి. విల్లు పట్టిన చేయి లక్ష్యం వైపు చాస్తూనే ఉండాలి. ఛాతీ రెండు దిక్కులకూ విచ్చుకుంటున్న భావన కలుగుతుంది. విస్తరణ అనే పేరు అందుకే వచ్చింది. చేతి కండలకన్నా వీపు కండలు పెద్దవి, నెమ్మదివి. అవి అంత త్వరగా తొట్రుపడవు.

కష్టం ఎక్కడుందంటే, నిండుగా లాగగానే మనసు ‘చేరాము’ అనుకుంటుంది. చేరాక ఆగడం మనిషి స్వభావం. అయితే అంత భారం కింద కండరం ఉన్నచోట ఉండదు. ముందుకు సాగడం మానిన మరుక్షణం, మనకు తెలియకుండానే, వెనక్కి జారడం మొదలవుతుంది. మొన క్లిక్కర్‌కు దూరమవుతుంది. అప్పుడు కంగారుపడి చేత్తో ఒక్క ఉదుటున లాగితే ‘టిక్’ అనే శబ్దం వస్తుంది గానీ తాడు పక్కకు చెదురుతుంది. బాణం లక్ష్యం అంచున నాటుకుంటుంది. శిక్షకులు నిశ్చలంగా నిలబడమంటారు, కదలిక ఆపవద్దనీ అంటారు. పైకి పరస్పర విరుద్ధంగా తోచే ఈ రెండు మాటలూ నిజమే.

మాకు ఇది తజ్వీద్ పాఠం ద్వారానే సులువుగా బోధపడింది. ఫాతిహా సూరా చివరి పదంలో ఆరు హరకాత్‌ల మద్ద్ ఉంది. పిల్లలకు నేర్పిన వారెవరికైనా ఇది అనుభవమే. కొందరు అక్షరాన్ని పట్టుకుని గొంతు బిగిస్తారు; నాలుగో మాత్రకే స్వరం కుంగుతుంది. మరికొందరు వేళ్ల మీద లెక్కపెడుతూ, ఆరు ఎప్పుడవుతుందా అని ఎదురుచూసి, చివరను తుంచేస్తారు. సరిగ్గా చదివే పిల్లవాడు అక్షరాన్ని పట్టుకోడు, శ్వాసను సాగనిస్తాడు. వినేవారికి స్వరం నిలిచి ఉన్నట్లే ఉంటుంది. లోపల శ్వాస నడుస్తూనే ఉంటుంది. విస్తరణ కూడా అటువంటిదే. క్లిక్కర్ శబ్దం కోసం ఎదురుచూడకూడదు. సాగుతూ ఉంటే అది దారిలో వినిపిస్తుంది.

ఇక ఆ అబ్బాయి విషయం. పదహారేళ్లవాడు. పదిహేడు పారాలు కంఠస్థం చేశాడు. తండ్రి ఆటో నడుపుతారు. కుర్రవాడిలో నైపుణ్యం ఉందని శిక్షకుడు చెప్పగానే ఇంట్లో ఆశలు మొదలయ్యాయి. జిల్లా ఎంపిక పోటీకి నాలుగు నెలల ముందు అతనికి ఒక చిక్కు వచ్చింది. తాడు లాగేవాడు, గురి చూసేవాడు, కానీ ఆ చివరి రెండు మిల్లీమీటర్ల దగ్గర శరీరం బిగుసుకుపోయేది. కొన్నిసార్లు శబ్దం రాకముందే వేళ్లు వదిలేసేవి. ఒక సాయంత్రం విల్లును మా గదిలో పెట్టి, “హజ్రత్, నా చేయి నా మాట వినడం లేదు. ఇది ఎవరికైనా ఇచ్చేయండి” అన్నాడు.

విలుకాండ్రలో ఇది చాలామందిని పట్టే భయమే. శబ్దం విన్నప్పుడల్లా వదలడం, వదిలినప్పుడల్లా ఫలితం చూడడం, ఫలితం చూసినప్పుడల్లా ఎవరో ఒకరు ఏదో ఒకటి అనడం జరుగుతూ ఉంటే, కొన్నాళ్లకు ఆ శబ్దమే బెదిరించడం మొదలుపెడుతుంది. శిక్షకుడు లక్ష్యపు కాగితం తీసేయించారు. నాలుగు మీటర్ల దూరంలో ఉత్త గడ్డి మోపు ముందు అబ్బాయిని నిలబెట్టారు. మొదట కొన్ని వారాలు క్లిక్కర్ లేకుండా, వీపు కదలికను మాత్రమే గమనిస్తూ బాణాలు వేయించారు. తరువాత క్లిక్కర్ బిగించి, శబ్దం వచ్చినా వదలకుండా, ఇంకో రెండు సెకన్లు విస్తరిస్తూనే ఉండి, తాడును నెమ్మదిగా వెనక్కి దించమన్నారు. శబ్దానికీ భయానికీ మధ్య పడిన ముడి విప్పడం ఈ అభ్యాసం ఉద్దేశం. మేము మా వంతుగా రోజూ ఫజ్ర్ తరువాత అతనితో మద్ద్‌లు చదివించాము.

మిగిలిన ముడి ఇంట్లో ఉంది. తండ్రి ప్రతి రాత్రి, “ఈరోజు ఎన్ని పాయింట్లు వచ్చాయి బేటా?” అని అడిగేవారు. ఆయన మంచి మనిషి. రోజంతా ఎండలో తిరిగి వచ్చి కొడుకు గురించి ఒక మంచి మాట వినాలని కోరుకునేవారు, అంతే. మేము పిలిచి మాట్లాడాము. “పాయింట్లు అడగవద్దంటే మరేమి అడగాలి హజ్రత్? నాకు ఆ ఆటలో తెలిసిందల్లా అదొక్కటే కదా” అన్నారు. “అన్నం తిన్నావా అని అడగండి” అన్నాము. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, సరేనన్నారు. ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా.

ఎంపిక పోటీలో 72 బాణాలు. ఆ వయసువారికి దూరం 60 మీటర్లు. మధ్యలో ఒకసారి అబ్బాయి శరీరం బిగుసుకోవడం మాకు దూరం నుంచే కనిపించింది. అతను వదలలేదు. తాడును దించి, ఊపిరి తీసుకుని, మళ్లీ లాగాడు. మిగతావన్నీ శబ్దం దాటే వెళ్లాయి. అతను ఎంపిక కాలేదు. అతనికన్నా బాగా వేసినవారు ఉన్నారు. తిరుగు ప్రయాణంలో తండ్రి ఆటోలో, “ఆకలి వేస్తోందా?” అని మాత్రమే అడిగారు. మరుసటి రోజు సాయంత్రం అబ్బాయి మా గదికి వచ్చి తన విల్లు తీసుకువెళ్లాడు.

పాత అరబ్బీ విలువిద్యా గ్రంథాలు బాణం వదలడాన్ని మూడు రకాలుగా విభజించాయి. ఆగకుండా లాగి వదలడం ఒకటి. నిండుగా లాగి, నిలిపి, నిదానంగా వదలడం రెండవది. కొంత మిగిల్చి ఆగి, ఆ మిగిలినది లాగుతూనే వదలడం మూడవది. వారు బొటనవేలితో లాగేవారు, వారి దగ్గర క్లిక్కర్ లేదు. అయినా ‘మిగిలిన ఆ కాస్త’ గురించి వారికి తెలుసునని చదివినప్పుడు మాకు ఎంతో ఆనందం కలిగింది.

విస్తరణ సరిగ్గా చేస్తే గెలుపు ఖాయమని ఎవరూ చెప్పలేరు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ధీరజ్, కెనడా క్రీడాకారుడు ఎరిక్ పీటర్స్ సమానంగా నిలిచినప్పుడు, చెరొక బాణంతో తేల్చవలసి వచ్చింది. ఇద్దరూ పదే సాధించారు. పీటర్స్ బాణం కేంద్రానికి మరింత దగ్గరగా ఉన్నందున ధీరజ్ వెనుదిరిగారు. ఆ బాణంలో అతని వైపు నుంచి లోపం వెతకడం న్యాయం కాదు. మన వంతు పూర్తయ్యే చోటు ఒకటి ఉంది. ఆ తరువాతిది అల్లాహ్ నిర్ణయం. అయితే తవక్కుల్ పేరుతో ఆ చోటుకు ముందే చేయి వదిలేసే హక్కు మనకు లేదు.

పిల్లలకు ఈ విద్య నేర్పించాలనుకునే తల్లిదండ్రులకు కొన్ని మాటలు. శిక్షకుడు లేకుండా, వెనుక అడ్డుగోడ లేని చోట విల్లు పట్టనివ్వకండి. బాణం లేకుండా తాడును వదలనివ్వకండి. విల్లు విరిగి గాయపడే ప్రమాదం ఉంది. బరువైన విల్లు గొప్ప అనుకోకండి. నిండుగా లాగిన తరువాత కూడా ఇంకొంచెం సాగగలిగే బలం మిగిలేటంత తేలికైనదే పిల్లవాడికి తగినది. రబ్బరు పట్టీతో వీపు కదలికను ఇంట్లోనే అభ్యసించవచ్చు. చూపు లక్ష్యం మీద ఉండాలి, క్లిక్కర్ మీద కాదు. కొద్ది సెకన్లలో శబ్దం రాకపోతే దించి మళ్లీ లాగాలి. దించడం ఓటమి కాదని పిల్లవాడికి ముందే చెప్పండి. సాయంత్రం ఇంటికి వచ్చినప్పుడు మొదట అన్నం పెట్టండి. పాయింట్ల సంగతి చెప్పాలనిపిస్తే వాడే చెబుతాడు.

మన పిల్లలకు మొదలుపెట్టే ఉత్సాహంతో పాటు చివరిదాకా సాగే స్థైర్యాన్ని కూడా అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.