మెకానిక్కు బాబాయి



ఈ మాసం ఒక మనిషిని గూర్చి వ్రాస్తున్నాము. ఆయన సంఘ పెద్ద కాదు. కూడికలలో లేచి సాక్ష్యం చెప్పినవారూ కాదు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేదికి దగ్గరలో ఉన్న మా పాలెంలో పడవ ఇంజన్లు బాగుచేసేవారు. చిన్నా పెద్దా అందరూ 'మెకానిక్కు బాబాయి' అనే పిలిచేవారు. గత జనవరిలో ఒక వేకువజామున గుండెనొప్పి వచ్చి, పంటు దాటించేలోపే ప్రభువునందు నిద్రించారు.

పదహారేండ్ల క్రితం వేదాంత డిప్లొమా చేతబట్టుకొని ఈ సంఘానికి కాపరిగా వచ్చాము. వచ్చిన మూడవ వారమే ఎదురు లంకలో గృహ కూడికకు పడవ ఎక్కాము. నడి ఏటిలో ఇంజను ఆగిపోయింది. పాటు వేళ, నీరు సముద్రం వైపు లాగుతోంది. పడవ నడిపే కుర్రవాడు హ్యాండిలు తిప్పి తిప్పి అలసిపోయాడు. మేము కన్నులు మూసికొని ప్రార్థన మొదలుపెట్టాము. అంతలో మరో పడవ వచ్చి మా పడవకు తాడు కట్టింది. అందులోనుండి బాబాయి మా పడవలోకి దిగారు. నాజిల్‌కు వెళ్లే గొట్టం దగ్గర ఒక నట్టు వదులు చేసి, కుర్రవాణ్ణి మెల్లగా తిప్పమన్నారు. మొదట నురగ వచ్చింది. బుడగలు పోయి డీజిలు తేటగా రాగానే నట్టు బిగించారు. ఇంజను అందుకుంది.

స్తోత్రం అనుకున్నాము. ఆయన ఇంజను ఆపి, అదే నట్టు మళ్లీ విప్పి, "ఇప్పుడు నువ్వు చెయ్యరా" అన్నారు. రెండుసార్లు చేయించారు. కూడిక వేళ మించిపోతోందని మాకు కోపం వచ్చి, ఒడ్డున నేర్పకూడదా అన్నాము. "ఒడ్డున నేర్చింది నీళ్లమీద గుర్తుండదు అయ్యగారూ. మొగ దాటాక వీడికి నేనెక్కడ దొరుకుతాను?" అన్నారు.

ఆ మాట అర్థం కావడానికి మాకు రెండు మూడేండ్లు పట్టింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర అలలు విరుగుతాయి. అక్కడ ఇంజను ఆగితే పడవ అలకు అడ్డం తిరిగి బోల్తా పడుతుంది. ట్యాంకులో డీజిలు అడుగంటినా, గొట్టం కీలు వదులైనా గాలి చొరబడి ఇంజను ఆగుతుంది. చేసే పని తెలిస్తే ఐదు నిమిషాలే. బ్రతుకుతెరువు కదా అని ఎవరైనా ఆ కిటుకు దాచుకొనేవారే. ఈయన పాలెంలోని ప్రతి కుర్రవానికీ నేర్పారు.

ఆదివారం ఆరాధన వేళ ఆయన షెడ్డులోనుండి సుత్తి చప్పుడు వినబడేది. కొత్త కాపరులము కదా, విశ్రాంతి దినమును గూర్చి గట్టిగా ప్రసంగించాము. ఎవరిని అన్నామో సండేస్కూలు పిల్లలకు కూడ తెలిసింది. ఆయన భార్య తల వంచుకొన్నది. ఆ సాయంత్రం ఆయనే మా ఇంటికి వచ్చారు. "తెల్లారగట్ల ఆ పడవ వెళ్లిపోతాది అయ్యగారూ. ఇంజను తేడాగా ఉందని చెప్పినా ఆగరు, ఇంట్లో బియ్యం లేవు" అన్నారు. అంతే. మరుసటి వారం నుండి వచ్చి వెనుక వరుసలో కూర్చొనేవారు. కిరసనాయిలుతో ఎంత కడిగినా అరచేతి గీతల్లో నలుపు పోయేది కాదు. ప్రభువు బల్ల ఉన్న ఆదివారాల్లో ఆ చెయ్యి చాపడానికి సిగ్గుపడేవారు. ఆ ప్రసంగపు కాగితాలు ఇంకా మా పెట్టెలో ఉన్నాయి గాని, మళ్లీ తీయలేదు.

ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు సముద్రంలో వేట నిషేధమని మీలో చాలామందికి తెలుసు. పడవలు ఒడ్డెక్కుతాయి. ఉప్పునీటికి పాడైన ఇంజన్లు విప్పేది అప్పుడే. రింగులు, గాస్కెట్లు, నీళ్లపంపులోని రబ్బరు రెక్కలు మార్చాలి. ఆయనకు చేతినిండా పని ఉండే కాలమది, జనం చేతిలో డబ్బు లేని కాలమూ అదే. నరసాపురం కొట్టులో సామాను తన పేరున అరువు తెచ్చేవారు. కూలి అడిగితే "చేపలు పడనీ, చూద్దాం" అనేవారు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు షెడ్డులో మోకాలిలోతు నీళ్లు. పనిముట్లు ఒక పడవలోకి ఎక్కించుకొని, లంకల జనాన్ని తెచ్చే పడవలు ఆగకుండ చూశారు. ఆ పడవల్లోనే మా ఇంటివారమూ ఒడ్డు చేరాము.

భూస్థాపన దినాన ఒక్క పడవ కూడ వేటకు పోలేదు. జ్ఞాపకార్థ కూడికలో, దొర్కా కుట్టిన బట్టలు చూపి ఏడ్చిన విధవరాండ్రవలె, ఒక్కొక్కరు లేచి తమ ఇంజను సంగతి చెప్పారు. మేమును ఆయన ధారాళమును గూర్చి చాలాసేపు మాట్లాడాము.

భోజనాలు అయ్యాక ఆయన భార్య మమ్మును వంటపాక దగ్గరకు పిలిచారు. "అయ్యగారూ, ఆయన మంచోడని అందరూ చెప్పారు. అది నాకూ తెలుసు. నరసాపురం కొట్లో 68,400 బాకీ ఉంది. అది ఎవరిది?"

మాకు నోట మాట రాలేదు. ఆమె రొయ్యల షెడ్డులో తలలు వలిచే పనికి పోవడం చూస్తూనే ఉన్నాము. ఎందుకు పోతున్నదో అడగలేదు. ఆమె గొలుసు తాకట్టులో ఉందని ఆ దినమే తెలిసింది. ఆ రాత్రి నిద్రపట్టక లెక్కించుకొన్నాము. మందిరపు జనరేటరు ఆయన మూడుసార్లు బాగుచేశారు, ఒకసారి రింగులు కూడ వేశారు. మేము టీ ఇచ్చి, ప్రార్థన చేసి పంపాము.

తరువాతి ఆదివారం ప్రసంగం ముందు ఆ అంకెను సంఘంలో చదివి, మా బాకీ 4,200 బల్లమీద పెట్టాము. కొందరు ఆ వారమే తెచ్చారు. మా సంఘం కాని పడవవారు కూడ వచ్చారు. "ఆయనే వద్దన్నాడు కదండీ" అన్నవారూ ఉన్నారు, వారి పేర్లు వ్రాయడం లేదు. ఇది వ్రాసేనాటికి ఇంకా 17,500 మిగిలి ఉంది.

షెడ్డు మూతపడలేదు. ఆమె తమ్ముని కొడుకు, బాబాయి దగ్గర పని నేర్చినవాడు, నడుపుతున్నాడు. ఆమె గుమ్మం దగ్గర పీటమీద కూర్చొని నోటుపుస్తకంలో ప్రతి పడవ పేరూ వ్రాస్తున్నారు. మొన్న జనరేటరు మళ్లీ మొరాయిస్తే తీసుకొని వెళ్లాము. మేము కూర్చోకముందే, "కూలి మూడు వందల యాభై అయ్యగారూ, సామాను వేరే" అన్నారు.

జేబులోనుండి తీసి ఇచ్చాము. ఆమె లెక్కపెట్టుకొని, పుస్తకంలో వ్రాసికొని, టీ పెట్టడానికి లేచారు.