కార్డా? హెడ్‌ఫోనా?

తెరమీద హీరో రాకముందే హాల్లో మోత మొదలవుతుంది చూడండి... కంప్యూటర్ గేమ్‌కీ ప్రాణం అదే! వెనక శత్రువు అడుగుల చప్పుడు వినబడలేదో, మన వేషం అక్కడితో సరి!

"అందుకు సౌండ్ కార్డు వేయించాల్సిందేనా?" అంటారా? ఒకప్పుడు తప్పేది కాదు. 1989లో సింగపూర్ కంపెనీ క్రియేటివ్ సౌండ్ బ్లాస్టర్‌ని దించేనాటికి చాలా పీసీలకు వచ్చిన సంగీతం 'కీచు కీచు' ఒక్కటే! ఇప్పుడు మదర్‌బోర్డు మీదే ఆడియో చిప్ ఉంటోంది. చప్పుడు ఏ దిక్కునో లెక్కకట్టే పెత్తనం కూడా, 2007లో విండోస్ విస్టా వచ్చాక, చాలావరకు కార్డు నుంచి గేమ్ చేతికి పోయింది.

నేను రాసుకు బతికేవాణ్ణి. ఒక నెల పారితోషికంతో ఏదో ఒకటే కొనగలను. స్నేహితుడి కార్డు అరువు తెచ్చి, కళ్ళు మూసుకుని విన్నాను. తేడా లేకపోలేదు. కానీ మంచి హెడ్‌ఫోన్ తగిలిస్తే వచ్చిన తేడా ముందు అది ఎక్స్‌ట్రా వేషమే! హెడ్‌ఫోనే కొన్నాను. హాల్లో స్పీకరు బొంగురుపోతే రీరికార్డింగ్ ఎంత గొప్పదైతే ఏం లాభం?

మౌస్ కదిపినప్పుడల్లా చెవిలో 'జుయ్'మంటోందా? 250 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి శబ్దం చాలడంలేదా? అప్పుడు కొనండి కార్డు. పెట్టె లోపలి కరెంటు రొదకి దూరంగా ఉండే యూఎస్‌బీ రకమైతే మరీ మేలు. అంతదాకా జేబు భద్రం, బ్రదర్!